కీ ఇచ్చేస్తే లీజు తీరినట్టు కాదు

బండి మాట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. లీజుకు తీసుకున్న కారును జేబుకు పెద్ద చిల్లు పడకుండా వదిలించుకోవడం ఎలా అని. లీజు కంపెనీ యార్డులో, వెనక్కి వచ్చిన బళ్లను తనిఖీ చేసి బిల్లు రాసే సీట్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. అంటే ఇన్నాళ్లూ మీకు అవతలి పక్క కూర్చున్నవాణ్ణి. వాళ్లు ఎక్కడ చూస్తారో, ఏది అడిగితే తప్ప చెప్పరో తెలుసు కాబట్టి, టైర్లు, మైలేజీ ప్రశ్నలన్నీ వచ్చే నెలకు తోసేసి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: 36 నెలల సబ్‌స్క్రిప్షన్ మీద, అంటే నెలనెలా అద్దె కట్టే లీజు మీద, చిన్న పెట్రోల్ కారు తీసుకున్నాను. పన్నుతో కలిపి నెలకు 24,000. ఏడాదికి 15,000 కిలోమీటర్ల ప్లాన్. 22 నెలలు నిండాయి, రీడింగ్ 31,200 ఉంది. ఆఫీసువాళ్లు పుణెకు మార్చారు, వారంలో వెళ్లాలి. కంపెనీకి ఫోన్ చేస్తే 'నాలుగు నెలల అద్దె పెనాల్టీ సార్, బండి ఇచ్చేయండి, క్లోజ్ చేసేస్తాం' అంటున్నారు. ఫ్రెండ్ ఒకడు బ్యాంకులో డబ్బు తీసేసి ఊరుకో, వాళ్లే వచ్చి బండి పట్టుకుపోతారు అంటున్నాడు. ఏం చెయ్యమంటారు? (మధురవాడ)

జవాబు: ముందు ఫోన్‌లో చెప్పిన అంకె మీద బండి ఇచ్చేయకండి బాబూ. అవతల మాట్లాడే అబ్బాయికి ఈ నెల ఎన్ని ఫైళ్లు మూశాడన్నదే లెక్క. మీ జేబు లెక్క మీరే వేసుకోవాలి. అగ్రిమెంట్‌లో ఆ పేజీ ఫొటో తీసి పంపారు, మంచిపని చేశారు. అందులో ఏముందంటే, 13వ నెల నుంచి 24వ నెల లోపల ఆపేస్తే నాలుగు నెలల అద్దె, 24 నెలలు నిండాక ఆపేస్తే రెండు నెలల అద్దె. ఎప్పుడు ఆపాలన్నా 30 రోజుల ముందు నోటీసు. ఫోన్‌లో అబ్బాయి మొదటి ముక్క చెప్పాడు, మిగతా రెండూ మింగేశాడు.

ఇప్పుడు చూడండి. ఈ రోజే నోటీసిచ్చినా ఆ 30 రోజుల అద్దె మీకు తప్పదు. లీజు 23 నెలలకు ముగుస్తుంది. నోటీసు నెల అద్దె 24,000, పెనాల్టీ 96,000, మొత్తం 1,20,000. అదే 24 నెలలు నిండిన మర్నాడు ముగిసేలా నోటీసిస్తే రెండు నెలల అద్దె 48,000, పెనాల్టీ 48,000, మొత్తం 96,000. తొందరపడితే 24,000 ఎక్కువ కడతారన్నమాట. వదిలించుకోవాలన్న ఆత్రంలో చాలామంది ఈ మెట్టు దగ్గరే పడిపోతారు.

కిలోమీటర్ల సంగతి మీరు అడగలేదు గానీ అందులోనూ డబ్బుంది. మధ్యలో ఇచ్చేస్తే మీకు 36 నెలలకు రాసిన 45,000 కిలోమీటర్లు లెక్కలోకి రావు. వాడుకున్న నెలలకే వస్తాయి. 23 నెలలకైతే 28,750. మీ రీడింగ్ 31,200, కాబట్టి 2,450 అదనం. మీ కాగితంలో కిలోమీటరుకు 9 రూపాయలుంది, 22,050 అవుతుంది. 24 నెలలకైతే 30,000 వరకు చెల్లుతుంది. మీరు పుణెలో ఉండి బండి సెల్లార్లో ఉంటే రీడింగ్ పెద్దగా కదలదు, అదనం 1,200 దగ్గరే ఆగుతుంది, 10,800తో పోతుంది. ఊరికే నిలబెట్టిన బండి మీకు ఇంకో పదకొండు వేలు మిగులుస్తోంది. కాకపోతే వారానికోసారి ఎవరైనా స్టార్ట్ చేసి కాసేపు నడపాలి. బ్యాటరీ చచ్చిన బండిని యార్డుకు తోసుకొస్తే దానికో బిల్లు వేస్తాం, వేస్తారు అనాలి, పాత అలవాటు.

ఆ రోజుకు మీరు ఊళ్లో ఉండరు కాబట్టి నాన్నగారి పేరో తమ్ముడి పేరో రాసి అప్పగింతకు అధికారం ఇస్తున్నట్టు ఈమెయిల్ ముందే పంపండి. తేదీ విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. '24 నెలలు నిండాక' అంటే నిండాకే. పికప్ వాడు 'రేపు మా వాళ్లు ఖాళీ లేరు, ఇవాళే ఇచ్చేయండి' అని ఒక్క రోజు ముందు పట్టుకుపోతే, కంప్యూటర్లో పెనాల్టీ మళ్లీ నాలుగు నెలలకు ఎక్కుతుంది. అప్పుడు కాళ్లరిగేలా తిరగాలి.

నోటీసిచ్చే ఈమెయిల్‌లోనే ముగింపు లెక్క కాగితం అడగండి. పెనాల్టీ ఎంత, దాని మీద జీఎస్టీ ఎంత, కిలోమీటర్లకు ఎంత, డిపాజిట్‌లో ఎంత పట్టుకుంటారు, మిగతాది ఎన్ని రోజుల్లో వేస్తారు, అన్నీ అందులో ఉండాలి. జీఎస్టీ అని ఎందుకంటున్నానంటే, లీజును ముందే ముగించడానికి తీసుకునే డబ్బుకు కూడా అసలు లీజుకు పడే పన్నే పడుతుందని 2022 ఆగస్టులో పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చింది. కారు లీజుకు ఆ కారు అమ్మకానికి పడే రేటే. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోల్ కార్లకు 18 శాతం, పెద్దవాటికి 40 శాతం, ఎలక్ట్రిక్ వాటికి 5 శాతం. మీ 'రెండు నెలల అద్దె' అన్నది పన్నుతో కలిపిన 24,000 మీద లెక్కా, పన్ను తీసేసిన అద్దె మీద లెక్కా తేల్చుకోండి. పన్ను కలిసిన మొత్తం మీద మళ్లీ పన్ను వేసిన లెక్కలు నేను చూశాను. పనిలో పనిగా ఆ సెప్టెంబర్ తర్వాత వచ్చిన బిల్లులు తీసి, పన్ను గడిలో అంకె మారిందో లేదో కూడా చూసుకోండి.

ఇంకో దారి, లీజును వేరేవాళ్ల పేరుకు మార్చడం. కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి, ఫీజు తీసుకుంటాయి. మీ ఆఫీసులో కొత్తగా చేరి కారు కోసం చూస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఈ రెండు నెలల్లో అడిగి చూడండి. కుదిరితే పెనాల్టీయే ఉండదు. కానీ మార్పిడి కాగితంలో 'పాత వాడుకరి బాధ్యత తీరింది' అన్న మాట ఉండాలి. అది లేకుండా కారు తాళాలు స్నేహితుడి చేతిలో పెట్టేస్తే అతను గుద్దిన గుద్దుకు మీరు సమాధానం చెప్పాలి.

మీ ఫ్రెండ్ సలహా గురించి రాయడానికి కూడా నాకు చిరాగ్గా ఉంది. ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ తిరిగొస్తే, 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద చెక్ బౌన్స్ లాగే క్రిమినల్ కేసు పెట్టొచ్చు. రెండేళ్ల వరకు జైలు, లేదా ఆ మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ. పైగా బౌన్స్ ఛార్జీలు ఇటు బ్యాంకు వేస్తుంది, అటు కంపెనీ వేస్తుంది. సిబిల్‌లో మచ్చ పడితే పుణెలో ఇల్లు కొనేటప్పుడు బయటపడుతుంది. అద్దె కట్టుకుంటూనే పోట్లాడాలి. కట్టడం మానేసిన రోజు నుంచి తప్పు మీదవుతుంది.

ప్రశ్న: మా కంపెనీ ద్వారా జీతంలో కోతతో లీజు కారు తీసుకున్నాను. ఉద్యోగం మానేస్తున్నాను. కారు ఇచ్చేస్తే ఫైనల్ సెటిల్‌మెంట్‌లో 2,90,000 పట్టుకుంటామని హెచ్ఆర్ అంటున్నారు. ఇదేం న్యాయం? (గాజువాక)

జవాబు: న్యాయం సంగతి తర్వాత, ముందు ఆ అంకె ఎలా పుట్టిందో అడగండి. ఇలాంటి లీజులో అగ్రిమెంట్ మీ కంపెనీకీ లీజు కంపెనీకీ మధ్య ఉంటుంది. మీరు సంతకం పెట్టింది మీ కంపెనీ కార్ పాలసీ మీద. కాబట్టి లీజు కంపెనీకి ఫోన్ చేస్తే మీతో మాట్లాడరు. ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ (లీజు ముందే ముగిస్తే ఎంత కట్టాలో చెప్పే కాగితం) హెచ్ఆర్ ద్వారానే తెప్పించుకోవాలి.

ఆ స్టేట్‌మెంట్‌లో మిగిలిన బాకీ అంతా ఒక చోట ఉంటుంది. కారు వాళ్లకిచ్చేస్తే దాన్ని అమ్మి, వచ్చిన డబ్బు ఆ బాకీలోంచి తీసేసి, తక్కువ పడినది మీ దగ్గర పట్టుకుంటారు. అంటే 2,90,000 అన్నది పెనాల్టీ ఒక్కటే కాకపోవచ్చు, వాళ్లు కారును ఎంతకు లెక్కగట్టారన్నది కూడా అందులో కలిసి ఉంటుంది. అక్కడే పట్టుకోండి. టోకున అమ్మే బళ్లకు యార్డులో వేసే ధర చూస్తే మీకు ఏడుపొస్తుంది.

ఆ ధర, బయట ధర పక్కపక్కన పెట్టుకోండి. ఉదాహరణకి మొత్తం బాకీ 7,40,000 అని, వాళ్లు కారును 4,50,000కి లెక్కేశారని అనుకుందాం. మీరు ఇద్దరు ముగ్గురు సెకండ్‌హ్యాండ్ డీలర్ల దగ్గర, ఒకటి రెండు యాప్‌ల ద్వారా చూపిస్తే 6,40,000 పలికింది. అలాంటప్పుడు బాకీ కట్టేసి కారు మీ పేరుకు మార్పించుకుని మీరే అమ్ముకుంటే నష్టం లక్ష చుట్టుపక్కల ఆగుతుంది, దాని మీద పన్ను, ట్రాన్స్‌ఫర్ ఖర్చులు. ఆర్సీ కంపెనీ పేరు మీద ఉంటే మీరు రెండో ఓనరు, మీ దగ్గర కొన్నవాడు మూడో ఓనరు అవుతాడు. బేరంలో ఆ మాట తప్పకుండా వస్తుంది, ముందే కొంత తగ్గించుకుని లెక్కేసుకోండి.

కొత్త కంపెనీకి అదే లీజు సంస్థతో ఒప్పందం ఉంటే లీజును అటు మార్చుకోవచ్చు. అన్నిటికంటే చవకైన దారి ఇదే. చేరబోయే చోట హెచ్ఆర్‌ను ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే అడగాలి. పెట్టాక మీ మెయిల్‌కు జవాబు వచ్చే వేగం మారిపోతుంది. అక్కడ కుదరకపోతే ఇప్పుడున్న ఆఫీసులోనే ఎవరైనా తీసుకుంటారేమో పాలసీలో చూడండి. చాలా పాలసీల్లో సహోద్యోగికి మార్చే వీలుంటుంది. ఇవన్నీ చివరి పనిదినం లోపల తేలాలి. ఆ తర్వాత మీ మాట ఎవరూ వినరు.

ప్రశ్న: మాది లాసన్స్ బే కాలనీ. రిటైర్డ్ టీచర్ని. మూడేళ్ల లీజు వచ్చే నెల ముగుస్తుంది. కారు ఇంటి బయటే ఉంటుంది. సముద్రపు గాలికి కింద భాగమంతా తుప్పు, బ్రేకుల దగ్గర ఎర్రగా ఉంది. బంపర్ మీద రెండు గీతలు. ఒక చక్రం అంచు ఫుట్‌పాత్‌కు గీరుకుంది. డిపాజిట్ అంతా పోతుందేమోనని ఒకటే టెన్షన్. బయట పెయింట్ వేయించేయమంటున్నాడు మా అబ్బాయి. (లాసన్స్ బే కాలనీ)

జవాబు: టీచరమ్మా, పెయింట్ వేయించకండి. రోడ్డు పక్క షెడ్డులో వేసిన రంగు మీకు మెరుస్తూనే కనిపిస్తుంది. యార్డులో మా దగ్గర పెయింట్ మందం కొలిచే చిన్న మీటరు ఉండేది. తలుపు మీద ఆనిస్తే కంపెనీ రంగా, పైన పూసిందా అని అంకెలో చెప్పేస్తుంది. గీతకు వేసే బిల్లుకంటే 'ప్రమాదం దాచారు' అని వేసే బిల్లు పెద్దది.

గీత మీద గోరు అడ్డంగా పెట్టి నెమ్మదిగా జరపండి. గోరు జారిపోతే అది పైపొర, మామూలు పాలిష్‌తో పోతుంది, పాలిష్ చేయించండి. గోరు పట్టుకుని ఆగితే రంగు దాటి లోపలికి దిగినట్టు. దాన్ని వదిలేయండి, బిల్లు వేయనివ్వండి. కానీ ఆ బిల్లు ఎంతో ముందే తెలుసుకునే వీలుంది. చాలా లీజు కంపెనీలకు డ్యామేజీ రేట్ల పట్టిక ఉంటుంది: బంపర్ రంగుకు ఇంత, చక్రం అంచుకు ఇంత, అద్దానికి ఇంత అని. ఏది మామూలు అరుగుదల, ఏది డ్యామేజీ అన్నది కూడా అందులోనే రాసుంటుంది. దాన్ని ఈమెయిల్ ద్వారా అడగండి. అడిగినవాళ్లకే పంపుతారు. బంపర్‌కు వాళ్ల రేటుకంటే ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్లో తక్కువ పడితే అక్కడే చేయించి బిల్లు దగ్గర పెట్టుకోండి.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయొచ్చా అంటే చేయొచ్చు, కానీ రెండు గీతలూ వేర్వేరు రోజులవైతే అవి రెండు క్లెయిములు. ఒకే యాక్సిడెంట్ అని రాయిస్తే సర్వేయర్ పట్టేస్తాడు. 1500 సీసీ లోపు కారుకు ప్రతి క్లెయిముకూ 1,000 రూపాయలు మీరే పెట్టుకోవాలి, ఆ పైన సీసీకి 2,000. చిన్న గీతలకు ఈ తతంగం అనవసరం.

ఇక తుప్పు. బీచ్ పక్కన ఉండేవాళ్లందరి బాధా ఇదే. రాత్రి నిలబెట్టిన కారుకు తెల్లారేసరికి బ్రేక్ డిస్కుల మీద నారింజ రంగు పొర వచ్చేస్తుంది. అది డిస్కు పైపైన పట్టే తుప్పు, కాస్త దూరం బ్రేకులు వేస్తూ నడిపితే ప్యాడ్లే గీకేస్తాయి. తనిఖీ రోజు పొద్దున మీ అబ్బాయిని హనుమంతవాక దాకా ఒక చుట్టు తిప్పుకు రమ్మనండి. డిస్కులు అద్దంలా ఉంటాయి. ఇంటి ముందే నిలబెట్టి తనిఖీ చేయిస్తే ఇన్‌స్పెక్టర్ కొత్తవాడైతే 'డిస్కులు మార్చాలి' అని రాసినా రాస్తాడు. మా దగ్గర హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాళ్లు మొదటి నెల్లో అలాగే రాసేవారు.

కింద భాగం తుప్పు వేరు. సైలెన్సర్ పైపు, బోల్టుల మీద పొడిగా ఎర్రగా ఉంటే మూడేళ్ల బండికి ఈ ఊళ్లో అది మామూలు అరుగుదల అని గట్టిగా వాదించండి. సర్వీసులన్నీ టైముకు చేయించినట్టు బిల్లులు చూపించండి, వాటిలో అండర్‌బాడీ వాష్ అని ఉంటే ఇంకా మంచిది. రేకు ఉబ్బి, వేలితో నొక్కితే పెళుసుగా రాలుతుంటే మాత్రం ఇప్పుడే ఆథరైజ్డ్ సెంటర్లో చూపించి రాయించుకోండి. జల్లు పడి నిలిచిన నీళ్లలో వెళ్లిందా, తయారీలో లోపమా అన్నది వాళ్లు రాస్తే మీకు పనికొస్తుంది.

తనిఖీ పగటిపూటే పెట్టించండి, ముందురోజే కడిగించండి. తడి బండి మీద గీతలు కనబడవు, తర్వాత యార్డులో ఆరాక కనబడితే మీరు పక్కన ఉండరు. అప్పగించే ముందు ఫోన్‌తో బండి చుట్టూ తిరుగుతూ ఒకే వీడియో తీయండి, మధ్యలో ఆపకుండా. మీటర్ రీడింగ్, నాలుగు టైర్లు, సీట్లు, డిక్కీలో స్టెప్నీ, జాకీ, పానా అన్నీ అందులో పడాలి. రెండో తాళం చెవి ఎక్కడుందో ఈ రోజే వెతకండి. బీరువాలో, పాత హ్యాండ్‌బ్యాగుల్లో. ఇప్పటి కార్ల స్పేర్ కీ మనం బజార్లో చేయించుకునే రకం కాదు, ఖరీదు చూస్తే డిపాజిట్ గుర్తొస్తుంది. టైర్ల గాడి 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే చట్టప్రకారం కూడా అరిగినట్టే. గాడుల మధ్య చిన్న దిమ్మెలుంటాయి చూడండి, టైరు వాటితో సమానమైపోతే మార్చాల్సిందే.

ఇన్‌స్పెక్టర్ రాసిన కాగితం మీద మీరు ఒప్పుకోని దాని పక్కనే 'ఒప్పుకోవడం లేదు' అని రాసి సంతకం పెట్టండి. ఖాళీ గడులుంటే అడ్డంగా గీత కొట్టండి. ఇన్నేళ్లు పిల్లల పేపర్లు దిద్దినవారు, నేను చెప్పాలా.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్ దగ్గర ఉంటాడు. ఉద్యోగం పోయింది, వైజాగ్ వచ్చేస్తున్నాడు. 36 నెలల కారు లీజులో ఇంకా 14 నెలలుంది, నెలకు 430 డాలర్లు. కారు ఎయిర్‌పోర్టులో పెట్టి వచ్చేయొచ్చని, వైజాగ్ దాకా ఎవరూ రారని స్నేహితులు చెబుతున్నారట. (సీతమ్మధార)

జవాబు: వైజాగ్ దాకా రారు మాస్టారూ, నిజమే. కానీ అతని క్రెడిట్ చరిత్రలోకి మాత్రం తప్పకుండా వస్తారు. రేపు మళ్లీ హెచ్1బీ వచ్చి వెళ్తే అపార్ట్‌మెంట్ అద్దెకిచ్చేవాడు మొదట చూసేది అదే. లీజు మీద ఇంకెవరైనా కో-సైన్ చేసి, అంటే హామీగా సంతకం పెట్టి ఉంటే బాకీ అంతా ఆ మనిషి నెత్తిన పడుతుంది. ఎయిర్‌పోర్టు పార్కింగ్ బిల్లు కూడా ఎవరో ఒకరు కట్టాలి.

14 నెలలకు మిగిలిన అద్దె 6,020 డాలర్లు. ముందు లీజు కంపెనీ నుంచి రెండు అంకెలు తెప్పించుకోమనండి: కారు ఇప్పుడు కొనేస్తే ఎంత కట్టాలి, కొనకుండా ముందే ఇచ్చేస్తే ఎంత కట్టాలి. అక్కడ 1976 నాటి కన్స్యూమర్ లీజింగ్ చట్టం కింద, ముందుగా ముగిస్తే ఎలా లెక్క కడతారన్నది అగ్రిమెంట్‌లోనే చెప్పి తీరాలి. ఆ మొత్తం వేల డాలర్లు ఉండొచ్చన్న హెచ్చరిక కూడా అందులో ఉంటుంది. అబ్బాయి సంతకం పెట్టేటప్పుడు చదివి ఉండడు, ఎవరూ చదవరు.

కొనే ధర కంటే బయట ధర ఎక్కువగా ఉంటే డీలర్‌కు అమ్మేసి చేతులు దులుపుకోవచ్చు, ఒక్కోసారి ఎదురు డబ్బు కూడా వస్తుంది. కొన్ని లీజు కంపెనీలు తమ బ్రాండు డీలర్లకే అమ్మనిస్తాయి, అది ముందు కనుక్కోవాలి. ధర తక్కువగా ఉంటే లీజు ట్రాన్స్‌ఫర్. కారు కావలసినవాళ్లనూ వదిలించుకునేవాళ్లనూ కలిపే సైట్లు అక్కడ ఉన్నాయి. అయితే కొన్ని కంపెనీలు ట్రాన్స్‌ఫర్ ఒప్పుకోవు, కొన్ని ఒప్పుకున్నా కొత్తవాడు కట్టకపోతే పాతవాడినే అడుగుతాయి. ఈ రెండూ కుదరకపోతేనే డబ్బు కట్టి ఇచ్చేయడం.

ఉద్యోగం పోయాక హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు మామూలుగా 60 రోజుల వరకే గడువు. ట్రాన్స్‌ఫర్ ఆ లోపల తేలకపోవచ్చు. అక్కడ నమ్మకమైన స్నేహితుడికి కారు కాగితాల వరకు పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి రమ్మనండి. కారు అప్పగించిన రశీదు, ఆ రోజు మైళ్ల రీడింగ్ రాసిన కాగితం చేతికొచ్చేదాకా ఇన్సూరెన్స్ ఆపొద్దు. బ్యాంకు ఖాతా కూడా అప్పుడే మూసేయొద్దు, చివరి బిల్లూ వాపసూ రెండూ దాంట్లోనే తిరుగుతాయి. ఉత్తరాలు వెళ్లే చిరునామా ఆ స్నేహితుడిది ఇవ్వమనండి.

ప్రశ్న: ఫోర్‌క్లోజర్ ఛార్జీలు తీసుకోకూడదని ఆర్బీఐ చెప్పిందిగా? లీజు కంపెనీని ఎందుకు అడగకూడదు? (కంచరపాలెం)

జవాబు: ఆ రూలు అప్పులకు, లీజులకు కాదు. 2026 జనవరి 1 నుంచి మంజూరైన లేదా రెన్యూ అయిన ఫ్లోటింగ్ వడ్డీ (మధ్యలో రేటు మారే) అప్పుల మీద, వ్యాపారం కోసం కాకుండా తీసుకున్న వ్యక్తుల దగ్గర, ముందుగా తీర్చినందుకు ఛార్జీ తీసుకోకూడదు. మీది లీజు. అంటే కారు వాళ్లది, మీరు అద్దెకుంటున్నారు. కారు లోన్ తీసుకున్నవాళ్లు కూడా తొందరపడి సంబరపడొద్దు, మన దగ్గర కారు లోన్లు ఎక్కువగా ఫిక్స్‌డ్ వడ్డీవే.

ప్రశ్న: గడువు నిండాకే కారు ఇచ్చాను. తీసుకెళ్లేటప్పుడు అంతా బాగుందన్నారు. ఇరవై రోజుల తర్వాత స్క్రాచెస్, క్లీనింగ్, 'ఇతరాలు' అంటూ 60,000 డిపాజిట్ మొత్తం పట్టేసుకున్నారు. ఫొటోలు అడిగితే లేవంటున్నారు. అగ్రిమెంట్‌లో గొడవలన్నీ ఆర్బిట్రేషన్‌కే (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకే), అదీ ఉత్తరాదిన వాళ్ల ఊళ్లోనే అని ఉంది. (మర్రిపాలెం)

జవాబు: ఆ ఆర్బిట్రేషన్ క్లాజు చూసి భయపడకండమ్మా, దాన్ని రాసిందే భయపెట్టడానికి. ఆర్బిట్రేషన్ క్లాజు ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ దారి మూసుకుపోదని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివాసముండే చోట ఫిర్యాదు వేయొచ్చు. మీకు విశాఖపట్నం జిల్లా కమిషన్ చాలు. మీరు కట్టిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లా స్థాయిలోనే వింటారు. 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షలైతే 200 రూపాయలు. గడువు రెండేళ్లు. కారును ట్రావెల్స్‌కు తిప్పి ఉంటే మాత్రం మీరు వినియోగదారు కారని వాళ్లు వాదిస్తారు. సొంతానికే వాడుకున్నారు కాబట్టి మీకు ఆ గొడవ లేదు.

అంతదాకా వెళ్లకముందే తేలే అవకాశం ఎక్కువ. ఈమెయిల్ రాయండి: ఒక్కో డ్యామేజీకి ఫొటో, తేదీ, రిపేరు చేయించిన బిల్లు, ఆ బిల్లు కట్టిన రశీదు ఇవ్వండని. పదిహేను రోజుల గడువు పెట్టండి. మీ దగ్గరున్న అప్పగింత కాగితం జత చేయండి. అందులో 'బాగుంది' అని టిక్ పెట్టి వాళ్ల మనిషి సంతకం చేశాడన్నారు, దానికంటే బలమైన సాక్ష్యం ఇంకేం కావాలి. కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంట్‌లో పెనాల్టీ ఎంత రాసుకున్నా, కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే. రాసుకున్న అంకె దానికి పైమెట్టు మాత్రమే. 2015లో సుప్రీంకోర్టు కైలాష్‌నాథ్ కేసులో, అసలు నష్టమే లేనప్పుడు పట్టుకున్న డబ్బు ఉంచుకోవడం కుదరదని చెప్పింది. ఈ రెండు ముక్కలూ ఈమెయిల్‌లో పెడితే మామూలుగా కస్టమర్ కేర్ దాటి లీగల్ వాళ్ల టేబుల్ మీదికి వెళ్తుంది. అక్కడివాళ్లు 60,000 కోసం విశాఖకు వకీలును పంపడానికి ఇష్టపడరు.

జవాబు రాకపోతే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. దాంతోనూ కాకపోతే వినియోగదారుల కమిషన్లకు ఆన్‌లైన్‌లో రాసే ఈ-జాగృతి పోర్టల్లో ఫిర్యాదు. వకీలు లేకుండా మీరే వేసుకోవచ్చు. పెనాల్టీ మొత్తమే అన్యాయంగా ఉంది, ఆ క్లాజే రద్దు చేయాలి అని అడగాలంటే మాత్రం దాన్ని విజయవాడలోని రాష్ట్ర కమిషన్ చూడాలి. మీ కేసులో అంత అవసరం లేదు, డిపాజిట్ వాపసు, వడ్డీ, ఖర్చులు అడిగితే సరిపోతుంది. 'ఇతరాలు' అన్న పద్దు ఎంతో రాయలేదు మీరు. ఫిర్యాదులో దాన్ని విడిగా రాయండి, ఎందుకంటే దానికి వాళ్లు ఏ బిల్లూ చూపించలేరు.

ప్రశ్న: బండి ఇచ్చి నెలన్నరయింది. నిన్న నాతవలస టోల్ దగ్గర నా ఫాస్టాగ్‌లో డబ్బు కట్టయింది. ఏం చేయాలి? (పెందుర్తి)

జవాబు: మీ ఖాతాకు ముడిపడిన ట్యాగునే అద్దం మీద అతికించి ఉంచేశారు, బండి ఇంకెవరికో వెళ్లిపోయింది. ఈ రోజే ట్యాగు ఇచ్చిన బ్యాంకుకు ఫోన్ చేసి మూయించేయండి, మిగిలిన డబ్బు ఖాతాకు వేయించుకోండి. కట్టయిన టోల్ గురించి బ్యాంకులోనూ జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033లోనూ ఫిర్యాదు చేసి, అప్పగింత రశీదు జత చేయండి. అలాగే బండి నంబరు కొట్టి ఈ-చలానాలు చూడండి. ఇచ్చిన తేదీకి ముందువి ఉంటే కట్టేయండి, తర్వాతవి ఉంటే రశీదుతో సహా లీజు కంపెనీకి పంపండి, వాళ్లే చూసుకోవాలి. రశీదు మీద తేదీ ఉంది గానీ టైము లేదన్నారు. మీకు టోల్ పడింది నెలన్నర తర్వాత కాబట్టి దాంతో ఇబ్బందేం లేదు.